వాడేసిన అణు ఇంధనం ఏమవుతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల అమ్రాబాద్ అడవుల్లో యురేనియం అన్వేషణ గురించి రాస్తూ చివర్లో ఒక మాట అన్నాను. తవ్వే చోటు గురించి గట్టిగా అడుగుతున్నాం, మంచిదే. రియాక్టర్‌లో వాడేశాక ఆ యురేనియం గతి ఏమిటని మాత్రం ఎవరూ అడగడం లేదని. ఆ మాట పట్టుకుని చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక ముక్క: రిటైరయ్యేదాకా నేను వాడేసిన ఇంధనాన్ని రీప్రాసెస్ చేసే (అంటే కరిగించి, పనికొచ్చేది వేరుచేసే) ప్లాంట్లకి అనుబంధంగా ఉండే ల్యాబుల్లో కెమిస్ట్‌ని. ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్నాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి, అవి కూడా రాస్తాను.

మేడమ్, మేం ఈసీఐఎల్ ఎక్స్ రోడ్డు దగ్గర ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చాం. మా ఆడపడుచు వాళ్ళేమో అక్కడ వాడేసిన అణు ఇంధనం తెచ్చి శుద్ధి చేస్తారని, ఆ గాలి పిల్లలకి మంచిది కాదని అంటున్నారు. అడ్వాన్స్ వదిలేసుకోమంటారా?
— ఒక గృహిణి, కుషాయిగూడ

వదులుకోవద్దమ్మా, కనీసం ఈ కారణంతో వద్దు. మీ పక్కనున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971లో పెట్టినది. అక్కడ తయారయ్యేది కొత్త ఇంధనం. గనుల నుంచి పసుపు ముద్దగా వచ్చిన యురేనియాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, శుద్ధి చేసి, నల్లటి పొడిగా మార్చి, చిన్న బిళ్ళలుగా నొక్కి కాలుస్తారు. ఆ బిళ్ళల్ని జిర్కొనియం మిశ్రమలోహపు గొట్టాల్లో పేర్చి మూసేస్తారు. 220 మెగావాట్ల రియాక్టర్‌కైతే అలాంటి 19 గొట్టాలు కలిపి ఒక కట్ట. అర మీటరు పొడవు, పదహారు కిలోల చిల్లర బరువు. గ్లవ్స్ వేసుకుని మనిషి రెండు చేతులతో పట్టుకోవచ్చు దాన్ని.

అదే కట్ట రియాక్టర్‌లో ఏడాది పైచిలుకు ఉండి బయటికొస్తే, అడ్డం ఏమీ లేకుండా పక్కన నిలబడ్డ మనిషి నిమిషాల్లోనే ప్రాణాంతకమైన మోతాదు తీసుకుంటాడు. అందుకని దాన్ని రియాక్టర్ పక్కనే లోతైన నీళ్ళ కొలనులో ఏళ్ళ తరబడి ఉంచుతారు. ఆ తర్వాత అది వెళ్ళేది రీప్రాసెసింగ్ ప్లాంట్లున్న తారాపూర్‌కో కల్పాక్కంకో ట్రాంబేకో. హైదరాబాద్‌కి రాదు. ఇక్కడ దాన్ని విప్పే ప్లాంటే లేదు.

మీరు నిజంగా చూసుకోవాల్సింది వేరే ఉంది: బోరు నీళ్ళు. యురేనియం శుద్ధిలో నైట్రిక్ ఆమ్లం, అమ్మోనియా విరివిగా వాడతారు కాబట్టి ఇలాంటి పరిశ్రమ ఎక్కడున్నా చుట్టుపక్కల భూగర్భ జలాల్లో నైట్రేట్ ఎంతుందో చూసుకోవడం మంచిది. మురుగు ఇంకినా, ఎరువులు ఇంకినా కూడా నైట్రేట్ పెరుగుతుంది. తాగే నీటిలో లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. పాలపొడి కలిపి పట్టే పసిపిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. బిల్డర్ చేతికిచ్చే కాగితం నమ్మకుండా మీరే నీళ్ళు పట్టి ల్యాబ్‌కి ఇవ్వండి. ఎలాగూ ఇస్తున్నారు కాబట్టి యురేనియం కూడా చూడమనండి. మన నగరం కూర్చున్నది గ్రానైట్ మీద. ఆ రాతిలో సహజంగానే యురేనియం ఉంటుంది, ఫ్యాక్టరీ లేని పేటలో బోరు వేసినా కొంత రావచ్చు. దానికి హద్దు లీటరుకి 0.03 మిల్లీగ్రాములు.

వాడేసిన ఇంధనంలో 99 శాతం మళ్ళీ పనికొస్తుందని మా ప్రొఫెసర్ చెప్పారు. అలాంటప్పుడు వ్యర్థం అని ఎందుకు అంటారు? రీప్రాసెసింగ్ అంటే అసలు లోపల ఏం చేస్తారు?
— బీటెక్ విద్యార్థి, తార్నాక

మీ ప్రొఫెసర్ గారు చెప్పిన అంకె తప్పు కాదు బాబూ, కానీ అందులో సగం కథే ఉంది. మన దేశంలో ఎక్కువగా ఉన్న భారజల రియాక్టర్ల నుంచి వచ్చిన ఒక టన్ను ఇంధనం తీసుకో. అందులో దాదాపు 989 కిలోలు యురేనియమే. సుమారు మూడున్నర కిలోలు ప్లుటోనియం, ఏడు కిలోల దాకా విచ్ఛిత్తిలో, అంటే పరమాణువులు పగిలినప్పుడు, పుట్టిన ముక్కలు: సీసియం, స్ట్రాన్షియం, టెక్నీషియం, అయోడిన్ వగైరా. ఆ 989 కిలోల్లో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకు పైగా యురేనియం-238. అది మామూలు రియాక్టర్‌లో సులువుగా మండదు. ఫాస్ట్ రియాక్టర్‌లో (వేగమైన న్యూట్రాన్లతో నడిచేది) పెట్టి ప్లుటోనియంగా మారిస్తేనే పనికొస్తుంది. అంటే 'పనికొస్తుంది' అన్న మాట వెనక ఇంకో రియాక్టర్ ఉండాలి. అది ఉందా లేదా అన్నదగ్గరే మొత్తం వాదన తిరుగుతుంది. దాని సంగతి తర్వాతి ప్రశ్నలో.

లోపల ఏం చేస్తారంటే, కొలనులో చల్లారిన కట్టని మందపాటి కాంక్రీటు గోడల మధ్య గదిలోకి తీసుకెళ్ళి, యంత్రంతో చిన్న ముక్కలుగా కోస్తారు. ఆ ముక్కల్ని వేడి నైట్రిక్ ఆమ్లంలో వేస్తే లోపలి ఇంధనం కరిగిపోయి, ఖాళీ గొట్టం ముక్కలు మిగులుతాయి. కోసేటప్పుడు, కరిగేటప్పుడు క్రిప్టాన్-85 లాంటి వాయువులు బయటికొస్తాయి. అయోడిన్‌ని చాలావరకు వడపోతల్లో పట్టుకుంటారు. క్రిప్టాన్ దేనితోనూ కలవదు, దాన్ని మాత్రం ప్రపంచంలో దాదాపు అన్నిచోట్లా పొగగొట్టం గుండా వదిలేస్తున్నారు. ఇది గుర్తుపెట్టుకో.

తర్వాత ఆ ద్రావణాన్ని ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ కలిపిన కిరోసిన్ లాంటి నూనెతో కలియబెడతారు. మజ్జిగ చిలికితే వెన్న పైకి చేరినట్టు యురేనియం, ప్లుటోనియం నూనెలోకి చేరతాయి, విచ్ఛిత్తి ముక్కలు ఆమ్లంలో ఉండిపోతాయి. ఆ పైన ప్లుటోనియం ఆక్సీకరణ స్థితిని నాలుగు నుంచి మూడుకి దింపితే అది నూనెని వదిలి మళ్ళీ నీళ్ళలోకి వస్తుంది, యురేనియం నూనెలోనే ఉంటుంది. దీన్నే ప్యూరెక్స్ అంటారు. అమెరికాలో 1940లలో బాంబు కోసం కనిపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ ప్రపంచమంతా ఇదే.

నా పని ఇక్కడ మొదలయ్యేది. ప్లాంట్‌లో ఒక్కో దశ నుంచి తీసిన కొద్ది చుక్కల శాంపిల్ మా గ్లోవ్ బాక్స్‌లోకి వస్తుంది. గాజు పెట్టె, దానికి మోచేతులు దాటే పొడుగు రబ్బరు గ్లవ్స్ బిగించి ఉంటాయి. చేతులు పెట్టే ముందు చూడాల్సింది ప్రెషర్ గేజ్. పెట్టెలో పీడనం గదిలో కంటే తక్కువ ఉండాలి. అప్పుడు గ్లవ్‌కి చిల్లు పడినా గాలి లోపలికే పోతుంది, లోపలిది బయటికి రాదు. యురేనియం ద్రావణం నిమ్మపండు పసుపు. ప్లుటోనియం నాలుగో స్థితిలో ఉంటే గోధుమ కలిసిన ఆకుపచ్చ, మూడుకి దిగితే నీలం. చాలాసార్లు పరికరం చూపించేలోపే కన్ను చెప్పేసేది, వేరుపడటం సరిగ్గా జరగలేదని. బయటికొచ్చేటప్పుడు ప్రతిసారీ చేతులు, పాదాలు మానిటర్ మీద పెట్టి, పచ్చ లైటు వెలిగితేనే తలుపు దాటాలి. ఆకలి వేస్తున్నా, బస్సు వెళ్ళిపోతున్నా సరే.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఒక్క విషయం నీకు తట్టాలని. కట్టలో ఉన్నంతసేపు అది గట్టి పింగాణీ లాంటి బిళ్ళ. మనం దాన్ని కరిగించి ద్రవం చేశాం. ఇక అది పైపుల్లో పారుతుంది, ట్యాంకుల్లో నిలుస్తుంది, కవాటాల దగ్గర కారవచ్చు. పర్యావరణం గురించి జరిగే గొడవకి మూలం అక్కడుంది.

అమెరికా 1977లోనే ఆపేసింది. ఇంగ్లండ్ మొన్నీమధ్య మూసేసింది. వాళ్ళ సముద్రాలు పాడైపోయాయని చదివాం. మరి మనం ఎందుకు కొత్త ప్లాంట్లు కడుతున్నాం? మీలాంటివాళ్ళు నోరు మూసుకుని ఉండబట్టే కదా?
— ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి

మీ కోపం నాకు అర్థమైంది. నోరు మూసుకోకుండా వివరంగానే చెబుతాను.

1977లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఆపింది చేపల కోసం కాదు. అంతకుముందు 1974లో మనం పోఖ్రాన్‌లో పరీక్ష చేశాం. ఆ ప్లుటోనియం ట్రాంబే ప్లాంట్‌లో వేరుచేసినదే, 1964లో మొదలైన ప్లాంట్ అది. రీప్రాసెసింగ్ ఉన్న ఏ దేశమైనా బాంబు చేసుకోగలదన్న భయం అక్కడ ముఖ్య కారణం. 1981లో తర్వాతి అధ్యక్షుడు రీగన్ నిషేధం ఎత్తేసినా, కొత్త యురేనియం చవగ్గా దొరుకుతుంటే ఇంత ఖర్చుపెట్టి పాతది కరిగించడానికి అక్కడి కంపెనీలు ముందుకు రాలేదు.

సముద్రం సంగతికొస్తే మీరు చదివింది నిజం. ఇంగ్లండ్‌లో సెల్లాఫీల్డ్ రీప్రాసెసింగ్ కేంద్రం నుంచి 1970ల మధ్యలో ఐరిష్ సముద్రంలోకి పోయిన సీసియం-137 అంతకుముందు, ఆ తర్వాత ఎప్పుడూ లేనంత. 1983 నవంబర్‌లో పొరపాటున వదిలిన ద్రవాల వల్ల పక్కనున్న బీచ్‌కి వెళ్ళొద్దని నెలల తరబడి జనానికి చెప్పాల్సి వచ్చింది. దాన్ని నడిపే కంపెనీకి కోర్టు పదివేల పౌండ్ల జరిమానా వేసింది. 1985లో కొత్త శుద్ధి ప్లాంట్ వచ్చాక సీసియం బాగా తగ్గింది. ఇక్కడితో కథ అయిపోలేదు. ఏళ్ళుగా ట్యాంకుల్లో నిలవున్న పాత వ్యర్థాన్ని శుభ్రం చేయడానికి 1994లో ఇంకో ప్లాంట్ తెరిచారు. అది ప్లుటోనియంని, మరికొన్నింటిని చక్కగా పట్టుకుంది. టెక్నీషియం-99ని మాత్రం వదిలేసింది. దానిని పట్టుకునే రసాయనం అందులో లేదు. ఐరిష్ సముద్రపు లాబ్‌స్టర్లలో (పెద్ద రొయ్యల్లాంటివి), నార్వే తీరంలో నాచులో టెక్నీషియం పెరిగింది. నార్వే, ఐర్లండ్ ప్రభుత్వాలు ఏళ్ళ తరబడి పోట్లాడితే, 2004 నాటికి దాన్ని కూడా గట్టిపరిచి నేలమీదే నిలవ చేసే పద్ధతి తెచ్చారు. టెక్నీషియం అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, రెండు లక్షల ఏళ్ళు దాటుతుంది.

ఈ ఉదంతం నాకు చాలా ముఖ్యమైనది. తగ్గించే రసాయనశాస్త్రం ఉంది. పక్క దేశం కొలిచి, పేపర్ల మీద పెట్టి, గట్టిగా అడిగేదాకా దాన్ని వాడలేదు.

సెల్లాఫీల్డ్ పక్క ఊరు సీస్కేల్‌లో పిల్లల్లో ల్యుకేమియా మామూలు కంటే ఎక్కువుందని 1984లో ప్రభుత్వం వేసిన కమిటీ కూడా ఒప్పుకుంది. లెక్కగట్టిన రేడియేషన్ మోతాదు మాత్రం అన్ని కేసులకి కారణం కాగలిగినంత లేదని తేలింది. బయటి ఊళ్ళ నుంచి జనం ఒక్కసారిగా వచ్చి కలిసినప్పుడు వ్యాపించే ఏదో ఇన్‌ఫెక్షన్ కారణమని ఒక వాదన ఉంది. ఈ ఒక్క సంగతి పట్టుకుని ప్లాంట్ ఉన్నచోటల్లా పిల్లలు చచ్చిపోతారని ప్రచారం చేసేవాళ్ళూ ఉన్నారు, అసలేమీ జరగలేదని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ ఆ తల్లులకి అన్యాయం చేస్తున్నవాళ్ళే.

ఇక ప్రమాదాలు చూడండి. 1957 సెప్టెంబర్ 29న ఉరల్ పర్వతాల దగ్గర మాయక్ రీప్రాసెసింగ్ ప్లాంట్‌లో వ్యర్థ ద్రవాల ట్యాంక్ చల్లబరిచే ఏర్పాటు చెడిపోయి పేలింది. వేల చదరపు కిలోమీటర్లు కలుషితమైతే, సోవియట్ ప్రభుత్వం 1989 దాకా ఒప్పుకోలేదు. అంతకుముందు ఏడేళ్ళు అదే ప్లాంట్ తన ద్రవాల్ని టేచా నదిలోకి వదిలింది, ఆ నీళ్ళే ఊళ్ళవాళ్ళు తాగారు. 2005లో సెల్లాఫీల్డ్ థార్ప్ ప్లాంట్‌లో ఒక పైపు విరిగి 83 ఘనమీటర్ల ద్రావణం నెలల తరబడి కారింది. ఉక్కు పరిచిన మూసిన గదిలో కారింది కాబట్టి బయటికి రాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఇరవై టన్నుల యురేనియం, 160 కిలోల ప్లుటోనియం నేలమీద ఉంటే అన్నాళ్ళు ఎవరూ చూడలేదు! మన కల్పాక్కంలో 2003 జనవరిలో కవాటం చెడి, ఎక్కువ తీవ్రత ఉన్న ద్రవం తక్కువ తీవ్రత ద్రవాలుండే ట్యాంకులోకి వచ్చింది. అక్కడ శాంపిల్ తీయడానికి వెళ్ళిన ఆరుగురు ఏడాది పరిమితికి ఎన్నో రెట్లు మోతాదు తీసుకున్నారు. జనానికి ఆ విషయం తెలిసేసరికి నెలలు గడిచాయి.

అన్నిచోట్లా ద్రవమే, గమనించారా? అన్నిచోట్లా ఆలస్యంగా తెలియడమే.

మరి మనం ఎందుకు కడుతున్నాం? మన దగ్గర యురేనియం తక్కువ, కేరళ నుంచి ఒడిశా దాకా తీరపు ఇసుకలో థోరియం (దీన్నీ ఇంధనంగా మార్చుకోవచ్చు) ఎక్కువ. థోరియం దాకా వెళ్ళాలంటే మధ్యలో ప్లుటోనియం నడిపే ఫాస్ట్ రియాక్టర్లు కావాలి, ప్లుటోనియం కావాలంటే రీప్రాసెసింగ్ కావాలి. హోమీ భాభా గీసిన మూడు దశల దారి ఇదే. దారిని నేను తప్పుపట్టను. కాలం సంగతే నన్ను బాధపెడుతుంది. కల్పాక్కంలో చిన్న ఫాస్ట్ రియాక్టర్ 1985 నుంచి ఉంది. 500 మెగావాట్ల పెద్దదాని నిర్మాణం 2004లో మొదలుపెట్టి 2010 నాటికి అయిపోతుందన్నారు. దాని గర్భంలో భాగాలు పేర్చడం మొదలైంది 2024 మార్చిలో. ఇంగ్లండ్ ఏం చేసిందో చూడండి. ఫాస్ట్ రియాక్టర్లు వస్తాయని కరిగిస్తూ పోయింది. రియాక్టర్లు రాలేదు. సెల్లాఫీల్డ్‌లో థార్ప్ 2018లో, అంతకంటే పాత ప్లాంట్ 2022లో మూతపడ్డాయి. 140 టన్నుల దాకా ప్లుటోనియం పోగుపడింది. కాపలాకే ఏటా బోలెడు ఖర్చవుతోంది. ఆఖరికి 2025లో దాన్ని గట్టిపరిచి పాతిపెట్టేద్దామని తేల్చారు. అంత సముద్రం పాడుచేసి సంపాదించింది పాతిపెట్టడానికి!

నా మాట ఇది: ప్లుటోనియం మండించే రియాక్టర్ సిద్ధంగా ఉంటేనే, దానికి ఎంత కావాలో అంతే ఇంధనం కరిగించాలి. లేకపోతే దాన్ని జిర్కొనియం గొట్టంలో ఘనంగానే ఉంచాలి. నీళ్ళలో ఏళ్ళూ, తర్వాత పొడి పీపాల్లో దశాబ్దాలూ పెట్టొచ్చు. ఎదురుచూస్తే ఏమీ పోదు, పైపెచ్చు దాని వేడి, రేడియోధార్మికత ఏటికేడు తగ్గుతాయి. ఈ మాట ఉద్యోగంలో ఉన్నప్పుడు మీటింగుల్లోనూ అన్నాను.

మా అమ్మాయికి మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి కల్పాక్కంలో రీప్రాసెసింగ్ ప్లాంట్‌లో ఇంజినీర్. జాతకాలు కలిశాయి. కానీ రేడియేషన్ వల్ల పిల్లలు పుట్టరనీ, పుట్టినా లోపాలుంటాయనీ మా బావగారు భయపెడుతున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

టెన్షన్ పడకండమ్మా. అక్కడ పనిచేసే ప్రతి మనిషి ఛాతీ మీద చిన్న బ్యాడ్జీ ఉంటుంది. లోపల ఒక కార్డుకి మూడు తెల్ల బిళ్ళలు, రేడియేషన్ తగిలితే ఆ శక్తిని దాచుకుంటాయి. నిర్ణీత కాలానికోసారి వాటిని ల్యాబ్‌లో వేడిచేస్తే, దాచుకున్నదంతా వెలుగుగా వస్తుంది. ఆ వెలుగు కొలిచి మోతాదు రాస్తారు, అది ఆయన పేరుమీద జీవితాంతం రికార్డులో ఉంటుంది. మన దేశంలో పరిమితి అయిదేళ్ళలో మొత్తం 100 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలిన రేడియేషన్‌కి కొలమానం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మీకూ నాకూ ఇంట్లో కూర్చున్నా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి వచ్చేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4. కేరళ తీరంలో కరునాగపల్లి దగ్గర కొన్ని ఇళ్ళలో దానికి చాలా రెట్లు ఉంటుంది, అక్కడ తరతరాలుగా కాపురాలు చేస్తున్నారు.

పిల్లల్లో లోపాల గురించి ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా పరిశీలించింది హిరోషిమా, నాగసాకిలో బతికి బయటపడ్డవాళ్ళ సంతానాన్ని. వాళ్ళలో తల్లిదండ్రుల రేడియేషన్ వల్ల వంశపారంపర్య లోపాలు పెరిగినట్టు కనబడలేదు. మీ అల్లుడు కాబోయేవాడికి వచ్చే మోతాదు దాంట్లో పిసరంత. నాతో పనిచేసిన ఆడవాళ్ళు, మగవాళ్ళు ఎందరో పిల్లల్ని కన్నారు, ఇప్పుడు మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్నారు. మోతాదు పెరిగేకొద్దీ జీవితకాలంలో క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుందన్న లెక్కతోనే ఆ పరిమితులు పెట్టారు, అది కూడా దాచను.

జాతకంతో పాటు ఒక మాట అబ్బాయిని నేరుగా అడగండి: "బాబూ, పోయిన అయిదేళ్ళలో నీ మోతాదు ఎంత?" చెప్పగలిగితే జాగ్రత్త ఉన్న కుర్రాడు. "అదేం పట్టించుకోనండీ" అంటే నాకైతే నచ్చదు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద పోలీసు కాపలాతో అణు ఇంధనం లారీలు వెళ్తాయంటారు. అవి బోల్తా పడితే?
— క్యాబ్ డ్రైవర్, నాచారం

ఇక్కడి ఫ్యాక్టరీ నుంచి బయల్దేరేది కొత్త ఇంధనం కాబట్టి కట్టలు రోడ్డు మీద చెదిరిపడినా పేలవు, మండవు. ఏరి లెక్కపెట్టుకోవడం, ఒక్కటీ మాయం కాకుండా చూడటం అక్కడ పని. చేత్తో ముట్టుకోకండి, దూరంగా ఉండండి, అంతే చాలు. వాడేసిన ఇంధనం వెళ్ళే పీపాల కథ వేరు. పదహారు కిలోల కట్టలు కొన్నింటికి టన్నుల కొద్దీ సీసం, ఉక్కు చుట్టి ఉంటాయి. వాటిని తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద పడేసి, 800 డిగ్రీల మంటలో అరగంట ఉంచినా నిలవాలన్నది అంతర్జాతీయ నియమం.

కరిగించాక మిగిలిన అసలు విషం ఎక్కడ పెడతారు? కోలార్ గనుల్లో పూడుస్తారని ఒకప్పుడు విన్నాం.
— రిటైర్డ్ టీచర్, నల్లకుంట

ఆమ్లంలో మిగిలిన ఆ ద్రవాన్ని ఇగిర్చి, గాజు తయారుచేసే పొడులతో కలిపి కొలిమిలో కరిగించి, స్టీలు డబ్బాల్లో పోస్తారు మాస్టారూ. చల్లారితే బోరోసిలికేట్ గాజు. సీసియం, స్ట్రాన్షియం ఆ గాజులో అల్లుకుపోయి ఉంటాయి, నీళ్ళు తగిలినా గబుక్కున రావు. తారాపూర్‌లో ఆ డబ్బాల్ని గాలితో చల్లబడే నేలమాళిగల్లో ఉంచారు. సీసియం, స్ట్రాన్షియం అర్ధాయువు ముప్పై ఏళ్ళ దరిదాపు కాబట్టి మూడు వందల ఏళ్ళలో అవి వెయ్యో వంతుకి వస్తాయి. ప్లుటోనియం అలా కాదు, 24 వేల ఏళ్ళకి సగమవుతుంది. దాన్ని ముందే తీసేస్తే గాజులో విషం ఆయుష్షు తగ్గుతుందన్నది రీప్రాసెసింగ్ వైపు ఉన్న బలమైన వాదన. నేను దాన్ని ఒప్పుకుంటాను. తీసిన ప్లుటోనియంని నిజంగా మండించినప్పుడే అది వర్తిస్తుంది, ఇందాక మల్కాజ్‌గిరి ఆయనకి చెప్పింది అదే. మన వాళ్ళు ఆ వ్యర్థంలోంచి సీసియం తీసి, ఎక్కించే ముందు రక్తానికి రేడియేషన్ పట్టించే యంత్రాలకి, రుథేనియం తీసి కంటి క్యాన్సర్‌కి పెట్టే బిళ్ళలకి వాడుతున్నారు. అది చాలా మంచి పని.

కోలార్ మాట 2012లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం కేసులో సుప్రీంకోర్టు ముందు ప్రభుత్వం తరఫున వచ్చింది. ఆ మాట బయటికి రాగానే కోలార్ జనం రోడ్డెక్కారు. అలాంటి ఆలోచన లేదని అణుశక్తి శాఖ వెంటనే చెప్పింది. ఆ ఊళ్ళో ఒక్కరినీ అడగకుండా కోర్టులో ఆ మాట ఎలా వచ్చిందో అని అప్పుడు నాకు చాలా బాధ కలిగింది. ఫిన్లండ్ వాళ్ళు తమ వాడేసిన ఇంధనాన్ని కరిగించకుండా ఉన్నదున్నట్టే భూమిలో నాలుగు వందల మీటర్ల లోతున రాతిలో పెట్టబోతున్నారు. ఆ స్థలానికి స్థానిక పురపాలక సంఘం 'సరే' అంటేనే అడుగు ముందుకు పడింది, వద్దంటే ఆగిపోయేదే. మనకి ఆ లోతు గుంత అవసరం రావడానికి ఇంకా దశాబ్దాలుంది, గాజు డబ్బాలు చల్లారాలి కదా. ఊళ్ళని అడగడం నేర్చుకోవడానికి ఆ సమయం సరిపోతుంది.

మేం కొందరం స్నేహితులం సమాచార హక్కు దరఖాస్తు పెడదామనుకుంటున్నాం. 'దేశభద్రత' అని తిప్పికొట్టకుండా ఏం అడగాలి?
— లా విద్యార్థిని, అంబర్‌పేట

ఇదే నేను ఎదురుచూసిన ఉత్తరం తల్లీ. 2000 సంవత్సరంలో కేంద్రం ఒక ఉత్తర్వుతో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ప్లాంట్లని అణుశక్తి నియంత్రణ మండలి పరిధి నుంచి తప్పించి, బార్క్ సొంత భద్రతా సంఘానికి అప్పగించింది. నడిపేదీ చూసేదీ ఒకే ఇంటివాళ్ళు. అందుకని బయటివాళ్ళు అడగడం అవసరం.

ప్లుటోనియం ఎంత వచ్చింది, ఏ బిల్డింగ్‌లో ఏముంది లాంటివి అడగొద్దు. చట్టంలో దేశభద్రత మినహాయింపు ఇచ్చే సెక్షన్ 8(1)(ఎ) చూపించి తిప్పి పంపుతారు, కొంతవరకు అది న్యాయమే. గోడ దాటి బయటికి వచ్చినదాన్ని మాత్రమే అడుగు. గాలిలోకి: క్రిప్టాన్-85, ట్రిటియం, అయోడిన్-129, ఏటా ఎంత. సముద్రంలోకి: ట్రిటియం, సీసియం-137, స్ట్రాన్షియం-90, టెక్నీషియం-99, ఏటా ఎంత. ఒక్కొక్కదానికి అనుమతించిన పరిమితి ఎంత, ఏ ఏడాది దాటింది. మొత్తం కలిపి ఒక్క అంకె ఇస్తే ఒప్పుకోవద్దు, ఐసోటోప్ వారీగా (సీసియం-137 లాంటి ఒక్కో రకానికి విడిగా) కావాలని రాయి. ప్రతి అణు కేంద్రం దగ్గరా పర్యావరణ సర్వే ల్యాబ్ ఉంటుంది. ప్లాంట్ మొదలవడానికి ముందు నుంచే చేపలు, పాలు, బియ్యం, మట్టి పట్టుకొచ్చి కొలుస్తుంది. ఆ కొలతలు పదేళ్ళవి అడుగు. ఆ ల్యాబుల్లో పనిచేసేవాళ్ళు ఎంత శ్రద్ధగా కొలుస్తారో నాకు తెలుసు, అంకెలు లేక కాదు.

పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. కొంత రహస్యమంటే సెక్షన్ 10 కింద మిగతా భాగం ఇమ్మని అడుగు. అసలేమీ ఇవ్వకపోతే ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు. దరఖాస్తు రాశాక పత్రిక చిరునామాకి నా పేరున ఒక కాపీ పంపు, ఐసోటోప్‌ల జాబితా నేను సరిచూస్తాను.